అరవై నాలుగు పాళ్ళ దొంగ

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఈ పుస్తకం రాయమన్నది మా క్లబ్బు లాయరు సుహాసిని గారు. "రోజూ మీరేం చేస్తారో రాయండి సన్నిబాబు గారూ. చేత్తో, కాగితం మీద. యంత్రంలో రాస్తే తూనిక చదివేస్తుంది" అన్నారు. నేను బట్టలుతికేవాణ్ణి. ఆడా మగా కలిసి ఆడే భీమిలి రేవు జట్టు జెర్సీలు ఇరవై రెండేళ్ళుగా నా చేతుల మీదే ఉతుకుతున్నాను. రాయడం నా పని కాదు. కానీ ఇవాళ జరిగింది చూశాక ఎక్కడో ఒకచోట కక్కకపోతే నా కడుపుమంట చల్లారేలా లేదు.

ఇవాళ పొద్దున మా గోల్‌కీపర్ మరిడమ్మ అరవై నాలుగు శాతం దొంగ అని తూనిక తేల్చింది.

దొంగ అనలేదు. దొర అనీ అనలేదు. తూనిక అంటే లీగ్ వాళ్ళ యంత్రం, దానికి అలాంటి మాటలు రావు. బోర్డు మీద ఒక వరస వేసింది: "మరిడమ్మ, బయటి నుంచి సాయం అందుకుని ఉండే అవకాశం, 64." ఎవరో చెవిలో దూరి బంతి ఎటు వస్తుందో చెబితే దాన్ని సాయం అంటారు. దానికి పూర్తి శిక్ష పదేళ్ళ నిషేధం. అనుమానం అరవై నాలుగు పాళ్ళు కాబట్టి శిక్షా అరవై నాలుగు పాళ్ళే. ఆరేళ్ళ నాలుగు నెలల ఇరవై నాలుగు రోజులు. ఆ ఇరవై నాలుగు రోజుల్ని ఎంత శ్రద్ధగా లెక్కకట్టారో చూడండి. నిజం కనుక్కోవడానికి అందులో పదో వంతు శ్రద్ధ పెట్టలేదు.

మరిడికి ముప్పై ఒకటి. ఆరేళ్ళు పోతే ముప్పై ఏడు. మోకాళ్ళు అరిగిన గోల్‌కీపర్‌ని ఏ క్లబ్బూ పిలవదు. కాబట్టి ఇది ఆరేళ్ళూ కాదు, అరవై నాలుగు పాళ్ళూ కాదు. మొత్తానికి మొత్తం.

ఫిబ్రవరి 7, శనివారం

లాయరు గారు చెప్పినట్టే ఏం చేశానో రాస్తున్నాను.

నాలుగింటికి లేచాను. రేపటి మ్యాచ్‌కి రెండు జట్ల బట్టలూ ఉతికాను. వచ్చిన జట్టు పడవలో ఉప్పుగాలికి నాని వస్తుంది, వాళ్ళ దగ్గర తీపినీళ్ళు ఉండవు. అందుకని ఏ ఊళ్ళో ఆట ఉంటే ఆ ఊరి ఉతుకుడు గదిలోనే ఇద్దరి జెర్సీలూ ఉతకాలని లీగ్ కట్టడి. సముద్రపు నీళ్ళను తీపి చేసే ప్లాంటు నుంచి వారానికి తొమ్మిది డ్రమ్ములు ఇస్తారు. ఎనిమిదింటితో ఉతుకుతాను, తొమ్మిదోది జాడించడానికి.

అన్నీ నాడినూలు జెర్సీలే. దారం ఒంటికి తగులుతుంటే గుండె ఎలా కొట్టుకుంటోంది, కండ ఎప్పుడు బిగిసింది అన్నీ తూనికకు వెళ్ళిపోతాయి. చెవిలో ఎవరైనా గుసగుసలాడితే బంతి తన్నకముందే కండ బిగుస్తుందట, అలా పట్టేస్తారట. ఆ నూలు నాకు మొదటి నుంచీ నచ్చలేదు. తడిగుడ్డలా ఒంటికి అతుక్కుని చంకల్లో ఒరిపిడి పెడుతుంది. గోల్‌కీపర్ చొక్కాకు పొడుగు చేతులు కదా, మరిడికి పుండ్లు పడేవి. అందుకే నాలుగు నెలలుగా మెస్సులో అన్నం వార్చినప్పుడు ఒక చెంబు గంజి తెచ్చుకుని ఆమె చొక్కాకి మాత్రం పెడుతున్నాను. అట్టలా ఒంటికి ఎడంగా నిలబడుతుంది. మా అమ్మ నేర్పిన పని. ఊరి బట్టలన్నిటికీ గంజి పెట్టిన చేతులు ఆవిడవి.

ఇవాళ కూడా అలవాటుగా చెంబు పట్టుకుని వెళ్ళాను. గంజితో తిరిగొస్తుంటే సగం దారిలో గుర్తొచ్చింది, రేపు మరిడి ఆడదని. గంజి పారబోయబుద్ధి కాలేదు. ఉప్పేసుకుని తాగేశాను.

ఫిబ్రవరి 10, మంగళవారం

మరిడి ఉతుకుడు గదికి వచ్చింది. మైదానంలోకి అడుగు పెట్టకూడదు, డ్రెస్సింగ్ గదిలోకి పోకూడదు. ఉతుకుడు గది పేరు మాత్రం ఎవరూ నిషేధంలో రాయలేదు. మమ్మల్ని ఎవరు తలుచుకుంటారు గనక.

రాతి చప్టా మీద కూర్చుంది. నేను సాక్సులు పిండుతున్నాను. తనే మొదలుపెట్టింది.

"బాబాయ్, ఒక మాట అడుగుతాను. ఇంతమంది ఉన్నారు గదా లీగులో. ఒక్కడైనా నా ఎదర నిలబడి, ఏమే మరిడీ, నువ్వు సేసినావా అని అడిగినాడేటి?"

"అడగనేదా?"

"ఎవలూ అడగనేదు. బోర్డు మీద ఏసీసినారు. అడిగితే సెప్పుదును గదా, నేను సెయ్యనేదని."

నిజం చెప్పాలంటే నాలోనూ ఒక పురుగు తొలుస్తోంది. సొంత మైదానంలో ఆరు పెనాల్టీల్లో ఐదు ఆపింది, బయటి ఊళ్ళలో నాలుగింటికి ఒకటే. పైగా ఆ ఐదూ మొదటి అరగంటలోనే. ఆ అరగంట ఇక్కడి ప్రతి మ్యాచ్‌లోనూ ఆమె జెర్సీ నుంచి తూనికకు ఏమీ అందలేదట. ముప్పయ్యో నిమిషం దాటాక అన్నీ సక్రమంగా వచ్చాయట. వినేవాడికి ఎలా ఉంటుంది?

అడిగేశాను. "మరి ఇక్కడే అన్నెలా ఆపినావే?"

కోపగించుకోలేదు. అడిగినందుకు సంతోషించినట్టే అనిపించింది. "మన మైదానం ఇసకనేల బాబాయ్. తన్నే కాలు అందరూ సూస్తారు, అది మోసం సేస్తాది. నిలబడే కాలు సూడాల. మడమ ఏ పక్క దిగబడితే బంతి ఆ పక్కకే. మా అయ్య వలేసేటప్పుడు తడిసిన ఇసక మీద కాలు ఎలగ పెట్టాలో సెప్పీవోడు. బయటూళ్ళ మైదానాలన్నీ గచ్చులాగ గట్టిగుంటాయి, కాలు దిగదు. నాకేటి కనపడతాది?"

ఇంత చిన్న సంగతి. అడిగితే రెండు నిమిషాల్లో తెలిసేది. నాకు ఒళ్ళు మండిపోయింది. తూనిక మీదే కాదు, నాలుగు రోజులు లోపల లోపల అనుమానపడిన నా మీద కూడా.

ఫిబ్రవరి 13, శుక్రవారం

క్లబ్బుకీ కోత వేశారు. పూర్తి శిక్ష పన్నెండు పాయింట్లు, అందులో అరవై నాలుగు శాతం. మాకు ముప్పై ఒకటి ఉండేవి, ఇప్పుడు ఇరవై మూడు పాయింట్ మూడు రెండు. ఫుట్‌బాల్ పుట్టినప్పటి నుంచీ ఎవరైనా పాయింట్ మూడు రెండు గోల్ కొట్టారా అని మా కోచ్ ప్రభుదాసు గారు బోర్డు ముందు నిలబడి గట్టిగానే అడిగారు. ఎవరూ నవ్వలేదు. ఇలాగే ఉంటే ఆఖరు స్థానం మాదే, కింది లీగ్‌కి పోవాలి.

నిరుడు నవరంగ్ సిటీ గోల్‌కీపర్ సంగతి గుర్తొచ్చింది. ఆట మధ్యలో అతని చెవిలోంచి గింజంత పరికరం గడ్డి మీద పడింది. టీవీలో ఊరంతా చూశారు. సిటీ వాళ్ళకి సొంతంగా నలభై మంది లెక్కల నిపుణులు ఉన్నారు. అది వినికిడి పరికరం అన్నారు, అతనికి ఎడమ చెవి మందం అన్నారు, పుట్టినప్పటి నుంచీ ఉన్న కాగితాలన్నీ తూనికకు తినిపించారు. తిన్నాక తూనిక తొమ్మిది శాతం అంది. పది నెలల ఇరవై నాలుగు రోజులు. అందులో సగం ఆటలు లేని ఎండాకాలంలో గడిచిపోయింది.

మా దగ్గర నిపుణులు లేరు. లాయరు ఒక్కరు, నేనొక్కణ్ణి.

ఫిబ్రవరి 17, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉతికిన జెర్సీలు బీరువాలో పెట్టేముందు నూలు తెగిందేమో చూడటానికి నా దగ్గర ఒక చిన్న పెట్టె ఉంటుంది. చొక్కాలోకి చెయ్యి దూర్చి పెట్టె దగ్గర పెడితే నూలు బాగుంటే పచ్చదీపం వెలుగుతుంది. మరిడి చొక్కాని ఎప్పుడూ గంజి పెట్టకముందే చూసేవాణ్ణి. మరిడి పాత చొక్కా ఒకటి మూలన ఉంటే, నిషేధానికి ముందు ఉతికింది, ఊరికే దూర్చి చూశాను. దీపం వెలగలేదు. నూలు తెగిందనుకున్నాను. మధ్యాహ్నం ఎండ, చెమట కారుతోంది. తీసెయ్యడం మర్చిపోయి ఆ చొక్కా చేతితోనే సబ్బులు సర్దుతున్నాను. కాసేపటికి పెట్టె దానంతటదే వెలిగింది.

చొక్కా విప్పి చూశాను. మోచేతి దగ్గర గంజి చెమటకు కరిగి జిగురు జిగురుగా అంటుకుంది.

రెండో చెయ్యి దూర్చాను. పొడి గంజి, దీపం లేదు. నీళ్ళు చిలకరించాను, వెలిగింది. ఇంకో జెర్సీ తీసుకుని గంజి పెట్టి, ఎండలో ఆరేసి మళ్ళీ చూశాను. అదే వరస. పొడిగా ఉన్నంతసేపూ గంజి పొరలా అడ్డుపడి నూలును ఒంటికి తగలనివ్వదు. చెమట పట్టాక కరుగుతుంది. పరిగెత్తేవాళ్ళకి చెమట బేగి పడుతుంది. గోల్‌కీపర్ నిలబడే ఉంటుంది, పైగా మా ఆటలు ఎండెక్కక ముందు, పొద్దున అయిదున్నరకే మొదలు. అరగంట పడుతుంది.

బయటి ఊళ్ళలో ఆమె చొక్కా ఎవరో ఉతుకుతారు, గంజి పెట్టరు. అందుకే అక్కడ అన్నీ అందాయి.

ఇరవై రెండేళ్ళు ఉతికి, ఆఖరికి ఆ పిల్ల బతుకు మీద గంజి పోసినవాణ్ణి నేనే. చంకల్లో పుండ్లు పడకూడదని.

ఫిబ్రవరి 18, బుధవారం

మరిడికి చెప్పాను. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. చప్టా మీద కూర్చుని నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి.

"గంజా బాబాయ్? నేను రాకాసి మంత్రమేసినానని తూనిక అనుకుంటంటే, నువ్వు గంజెట్టినావా?"

"తప్పైపోనాది తల్లీ."

"తప్పేటి? పుండ్లు నేకుండా ఆడినాను నాలుగు నెల్లు. పద, లాయరమ్మకి సెప్పేద్దాం. ఇంక అయిపోనాది గదా."

సుహాసిని గారు మూడుసార్లు చేయించి చూశారు. "దీంతో గెలిచేస్తాం" అన్నారు. సాయంత్రం మెస్సులో అందరికీ నేనే సొంతంగా బజ్జీలు వేయించాను. సంబరం తొందరపడి చేసుకోకూడదని మా అమ్మ అనేది.

ఫిబ్రవరి 24, మంగళవారం

లీగ్ భవనానికి పడవలో వెళ్ళాం. నేను, మరిడి, సుహాసిని గారు, ఒక క్యాన్ గంజి. పాత బీచ్ రోడ్డు నీళ్ళ కింద కనిపిస్తుంటుంది, దీపస్తంభాలతో సహా. మరిడి దారి పొడుగునా ఆ దీపాలే లెక్కపెట్టుకుంది.

విచారణ అంటే నలుగురు పెద్దమనుషులు కూర్చుంటారనుకున్నాను. ఒక్క తూనికాధికారి ఉన్నాడు, శ్రీకర్ అని. మర్యాదస్తుడు. మనం చెప్పింది తూనికకు అందిస్తాడు, తూనిక చెప్పింది మనకి చదువుతాడు. మధ్యలో తపాలా బంట్రోతు లాంటివాడన్నమాట.

నేను గంజి పెట్టిన చొక్కా తొడుక్కుని చూపించాను. పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి. "నేనే పెట్టానండి. ఈ అమ్మాయికి తెలియదు. అలవాటు చొప్పున పెట్టాను" అన్నాను. శ్రీకర్ గారు ఆసక్తిగా చూశారు. గంజి ఎలా కాస్తారని కూడా అడిగారు.

నాలుగు నిమిషాలు పట్టింది. ఆయన తెర చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"మీ నిజాయితీని తూనిక నమోదు చేసుకుందండీ. సంకేతాలు ఆగిపోవడానికి కారణం గంజి అని ఒప్పుకుంది."

"మరింకేటండి" అంది మరిడి.

"ఇప్పటిదాకా సంకేతాలు ఎలా దాచారో తెలియక కొంత సందేహం ఉండేది. ఇప్పుడు పద్ధతి తెలిసింది. సందేహం తగ్గింది." ఆయన గొంతు కూడా తగ్గింది. "తొంభై ఒకటి వచ్చిందండి."

తొమ్మిదేళ్ళ ఒక నెల ఆరు రోజులు.

నేను కుర్చీలోంచి లేచిన సంగతి కూడా నాకు తెలియదు. "దాచింది నేనైతే ఆ పిల్లకి పెంచుతారేటండి? నన్ను తూయండి. నాకెయ్యండి మీ తొంభై ఒకటి."

"మీరు ఆటగాడు కారు కదండీ. ఉతికేవాళ్ళని తూనిక తూయదు. పట్టికలో ఆ గడే లేదు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడంటారు. ఇక్కడ మేం భుజాలు తడుముకోలేదు. గుమ్మడికాయ ఇదిగో, పెట్టినవాణ్ణి నేనిదిగో అని చేతిలో పెట్టాం. దానికి ఇంకో ఇరవై ఏడు పాళ్ళు వేసి పంపించారు. నిజం చెబితే పెరిగే శిక్షని నా జన్మలో ఎక్కడా చూడలేదు.

తిరుగు పడవలో మరిడి దీపాలు లెక్కపెట్టలేదు.

మార్చి 5, గురువారం

లీగ్ వాళ్ళు రాజీ కబురు పంపారు. ముప్పై శాతానికి ఒప్పుకుని సంతకం పెడితే మూడేళ్ళతో పోతుంది, క్లబ్బుకి కోసిన పాయింట్లలో సగం తిరిగిస్తారు. కర్ర విరగకూడదు, పాము చావకూడదు. మరిడి ఒక్కతే విరగాలి.

ప్రభుదాసు గారు ఉతుకుడు గదికే వచ్చారు, మరిడి ఇక్కడే ఉంటుందని తెలిసి. మంచి మనిషే. గంట నుంచీ మాటలు కూడబలుక్కుంటున్నట్టు నిలబడ్డారు.

"జట్టు కిందికి పోతే నలభై మంది బతుకులు పోతాయమ్మా. నువ్వు సంతకం పెడితే పైనే ఉంటాం. మూడేళ్ళు కళ్ళు మూసుకుంటే గడిచిపోతాయి."

"సార్, ఆ కాయితంలో ఏటి రాసుంటాది? ముప్పై పాళ్ళు నేను దొంగనని ఉంటాదా?"

"అలా రాయరు. అవకాశం ఉందని అంగీకరిస్తున్నాను అని ఉంటుంది."

మరిడి లేచి నిలబడింది. ఆరడుగుల మనిషి, మా గది కప్పు ఆమెకి ఎప్పుడూ చాలదు. "నేను సేసుంటే పదేళ్ళూ ఇయ్యమనండి సార్, మాటాడకుండా పోతాను. సెయ్యకపోతే ఒక్క రోజు కూడా ఇయ్యడానికి నేదు. ముప్పై పాళ్ళు దొంగతనం ఎలగ సేస్తారు? ఒక సెయ్యి సేసి ఒక సెయ్యి ఊరుకుంటాదా?"

ప్రభుదాసు గారు తల దించుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత జట్టులో సగం మంది మరిడితో మాట్లాడటం మానేశారు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే.

నేను మాత్రం ఆ సాయంత్రమంతా శ్రీకర్ గారి మాటే నెమరేసుకుంటున్నాను. ఉతికేవాళ్ళని తూనిక తూయదు. ఆ గడే లేదు.

మార్చి 9, సోమవారం

లీగ్‌లో ఎనిమిది జట్లు. ఆదివారం నాలుగు మైదానాల్లో నాలుగు ఆటలు. ఏ ఊళ్ళో ఆట ఉంటే ఆ ఊరి ఉతుకుడు గదిలోనే రెండు జట్ల బట్టలూ. అంటే నలుగురం కలిస్తే మొత్తం లీగ్.

ఈ ఆదివారం మాతో పాటు నవరంగ్ సిటీలో ఆట ఉంది, అక్కడ ఉతికేది నా బావమరిది నూకరాజు. ఉప్పాడలో బంగారమ్మ గారు. మచిలీపట్నంలో యాకూబ్ భాయ్. ముగ్గురికీ కాగితం మీద రాసి పడవలో పంపాను. ఫోన్ చేస్తే తూనిక వింటుంది. పట్టుబడితే నెత్తి మీద వేసుకునేది నేనొక్కణ్ణే అని కూడా రాశాను.

మార్చి 13, శుక్రవారం

జవాబులు వచ్చాయి. యాకూబ్ భాయ్ ఒక్క ముక్క: "మైదాతో చేసినా పనిచేస్తుందా?" బంగారమ్మ గారు గోదావరి మనిషి, నాలుగు పేజీలు తిట్టారు, నన్ను కాదు, లీగ్‌ని. ఆఖర్న "ఆ పిల్లకి నా పేరు చెప్పండి, దిగులు పడద్దనండి" అని ఉంది.

నూకరాజు రాసింది ఇక్కడ అతికిస్తున్నాను: "బావా, మనల్ని తూనిక తూయదంట గదా. మన బరువెంతో ఓ పాలి సూపిద్దాం. మా సిటీ వోళ్ళ సొక్కాలకి రెండు పూతలు ఏస్తాను."

మరిడికి చెప్పలేదు. ఈసారి ఆమెకు నిజంగానే తెలియకూడదు.

మార్చి 15, ఆదివారం

నిన్న ఇరవై రెండు చొక్కాలు గంజి పెట్టి ఆరేస్తే తీగ మీద గాలికి ఊగలేదు, చప్పుడు చేశాయి. పొద్దున్నే తొడుక్కున్నవాళ్ళు కొత్త పెళ్ళికొడుకుల్లా చేతులు ఒంటికి దూరంగా పెట్టుకుని నడిచారు. "ఇదేటి సన్నిబాబూ, పట్టుపంచెలాగున్నాది" అన్నాడొకడు. కొత్త సబ్బు అన్నాను.

ఆట మేం ఒకటి-రెండుతో ఓడిపోయాం. నేను చూడలేదు. బోర్డు దగ్గరే నిలబడ్డాను.

ఎనిమిదింటికి తూనిక వరసలు వెయ్యడం మొదలెట్టింది. నాలుగు మైదానాలు, ఎనభై ఎనిమిది మంది. అరవై ఒకటి, అరవై తొమ్మిది, యాభై ఎనిమిది. గంజి సంగతి తనకి ముందే తెలుసు కదా, ఎక్కడా తడబడలేదు. సిటీ గోల్‌కీపర్‌కి ఎనభై మూడు, మా నూకరాజు రెండో పూత మహిమ. లీగ్ మొత్తానికి ఆరేళ్ళూ ఏడేళ్ళూ నిషేధం. వచ్చే ఆదివారం ఆడటానికి ఒక్క మనిషి లేడు.

బోర్డు ముందు జనం గుమిగూడారు. చదువుతూ చదువుతూ ఎవరో నవ్వారు.

పదింటికల్లా వరసలన్నీ చెరిపేశారు. లీగ్ అధ్యక్షుడు టీవీలో కనిపించి, అది సాంకేతిక లోపమనీ, ఆటగాళ్ళ నిజాయితీ మీద తమకి పూర్తి నమ్మకమనీ చెప్పాడు. అందరికీ సున్నా.

ఎనభై ఎనిమిది మంది నిర్దోషులు కావడానికి రెండు గంటలు పట్టింది. వాళ్ళలో సిటీ వాళ్ళు ఉన్నారు మరి. తొలి గంజి తొడుక్కున్న మనిషికి మాత్రం అది సాంకేతిక లోపం కాలేదు, పద్ధతి అయింది.

పన్నెండింటికి సుహాసిని గారు కాగితం వేశారు. అదే గంజి, అదే అరగంట. అయితే మరిడితో కలిపి ఎనభై తొమ్మిది మందీ దొంగలు, కాకపోతే ఒక్కరూ కాదు. మధ్యలో ఇంకేం లేదు.

మార్చి 19, గురువారం

ఇవాళ రెండు కాగితాలు వచ్చాయి.

మొదటిది మరిడికి. అవకాశం సున్నా. నిషేధం ఎత్తేశారు, క్లబ్బు పాయింట్లు తిరిగిచ్చారు. క్షమించండి అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని వెనక్కి తిప్పి కూడా చూశాను. లేదు. నలభై ఒక్క రోజులు ఒక మనిషిని దొంగని చేసి, ఆ ఊసే లేకుండా సంతకం పెట్టారు.

రెండోది నాకు. నిన్న అధ్యక్షుడు స్వయంగా పడవెక్కి వచ్చాడు. తూనికలో నాకు గడి లేదు కదా, మనిషే రావలసి వచ్చింది. ఇదే చప్టా మీద, మరిడి కూర్చునే చోట కూర్చుని ముఖం మీద ముఖం పెట్టి అడిగాడు.

"మీరు చేశారా?"

"చేశాను" అన్నాను.

"మిగతా మూడు ఊళ్ళలో?"

"కొత్త సబ్బని చెప్పి నేనే పంపానండి. వాళ్ళకేం తెలియదు." ఆ ఒక్క ముక్కా అబద్ధం. కాగితం కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

జీవితాంతం ఏ జట్టు బట్టలూ ముట్టుకోకూడదని శిక్ష. నూటికి నూరు. ఇరవై రెండేళ్ళ పని. చప్టా, తీగ, తొమ్మిది డ్రమ్ములు, అన్నీ వేరేవాళ్ళవి. బాధ లేదంటే అది రెండో అబద్ధం అవుతుంది.

కానీ కోపం రాలేదు. ఇన్నాళ్ళూ ప్రతి కాగితానికీ వచ్చిన కోపం దీనికి రాలేదు. అడిగారు, చెప్పాను, వేశారు. చేసినవాడికి మొత్తం శిక్ష. ఈ లీగ్‌లో పాయింట్ల తోకలు లేని శిక్ష నేను చూడటం ఇదే మొదలు.

మరిడి వచ్చి కాగితం చదివింది. "నా గురించి నీ పని పోగొట్టుకున్నావా బాబాయ్" అంది.

"పోన్లే. నీకు పుండ్లు పడితే కొబ్బరినూని రాసుకో" అన్నాను.

మార్చి 22, ఆదివారం

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి టికెట్ కొనుక్కుని జనంలో కూర్చుని ఆట చూశాను. ఇంతకాలం సొరంగం దగ్గర బుట్ట పట్టుకుని నిలబడితే కాళ్ళే కనిపించేవి. పైనుంచి మైదానం ఇంత పెద్దదా అనిపించింది.

మరిడి వచ్చింది. గంజి లేని చొక్కా ఒంటికి అతుక్కుని ఉంది. చంకల దగ్గర రెండుసార్లు లాక్కుంది. పన్నెండో నిమిషంలో పెనాల్టీ ఇచ్చారు. తన్నేవాడి నిలబడే కాలు నేనూ చూశాను, మడమ ఎడమకే దిగింది. మరిడి ఆ పక్కకే దూకింది. కానీ బంతి చేతి వేళ్ళకి తగిలి లోపలికి పోయింది.

ఒక్కోసారి పోతుంది. ఆటన్నాక పోతుంది.

నా వెనక వరసలో ఒకాయన పక్కవాడితో అన్నాడు, "సూసినావా? గంజి నేకపోతే అంతే మరి." ఇద్దరూ నవ్వుకున్నారు.

బోర్డు మీద సున్నా వేశారు. జనం నోళ్ళలో ఎవరు వేస్తారు? ఇంకో పదేళ్ళు మరిడి ఆడినా, ఆపిన ప్రతిసారీ ఏదో ఉందంటారు, వదిలిన ప్రతిసారీ అదిగో అంటారు. అరవై నాలుగు పాళ్ళూ చెరిపేస్తే పోయేవి కావు.

లేచి వెనక్కి తిరిగాను. జేబులో నా కాగితం ఉంది, ఆరోజు నుంచీ జేబులోనే ఉంటోంది. మడతలు విప్పి ఆయన ఒళ్ళో పెట్టాను.

"సదవండి బాబూ" అన్నాను. "గంజెట్టినోణ్ణి నేను. పేరుంది, సంతకముంది, నూటికి నూరని రాసుంది. దొంగ గావాలంటే నన్ను సూడండి. ఆ పిల్లని ఆడనియ్యండి."

ఆయన చదివాడు. పక్కవాడూ చదివాడు. కాగితం ఆ వరసంతా ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయింది. ఆట అయ్యేదాకా నాకు తిరిగి రాలేదు. నేనూ అడగలేదు.